రక్తపింజరి కరిచాక కిడ్నీలు అలిగాయి

ఇక నాకేం భయం లేదని డాక్టరమ్మ చెప్పాకే ఇది రాయడానికి కూర్చున్నాను. అంతకు ముందు రాసుంటే కాగితం నిండా ఏడుపే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది, వెంటనే నవ్వూ వస్తుంది. రెండూ కలిపే రాస్తాను. వానాకాలంలో పెరట్లోకి వెళ్లేవాళ్లు ఎవరైనా ఇది చదివి, కింద ఒకసారి చూసుకుని అడుగు వేస్తే అంతే చాలు.

నా పేరు పైడమ్మ. భిలాయిలో కోహ్కా వైపు మా ఇల్లు. ఇంటి ముందు గదిలోనే ఇడ్లీ, దోసె, వడ వేసి అమ్ముతాం. మా నాన్న విజయనగరం దగ్గర పల్లె నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంట్‌లో పనికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, హిందీ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు నాన్న ఇంట్లో దిద్దించాడు.

ఇంట్లో నలుగురం. మా ఆయన సింహాచలం, మా అత్త సూరమ్మ, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి స్వాతి, నేను. మా అత్తకి డెబ్బై దాటాయి. పెళ్లయిన దగ్గర్నుంచీ నాకూ ఆవిడకీ పిండి దగ్గర పేచీ. నేను ఎంత మెత్తగా రుబ్బినా ఆవిడకి పలుకు తగులుతుంది. ఆవిడ ఎంత ఉప్పు వేసినా నాకు ఎక్కువే అనిపిస్తుంది. ఒకరినొకరం పెద్దగా తిట్టుకున్నదీ లేదు, ముద్దు చేసుకున్నదీ లేదు.

ఆషాఢం సగం గడిచింది. రోజుల తరబడి పట్టిన ముసురు వదిలి ఆ మధ్యాహ్నం కాస్త ఎండ కాసింది. దుకాణం మూసి, పప్పు నానబోసి, కొబ్బరి చిప్పలు ఎండలో వేద్దామని పెరట్లోకి వెళ్లాను. గోడ వారన పాత ఇటుకల కుప్ప, దాని పక్కన చిప్పల బస్తా. బస్తా లాగుతుంటే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస్సుమని పెద్ద చప్పుడు. నేను నిజంగానే కుక్కరనుకున్నాను. "స్వాతీ, గ్యాస్ తగ్గించవే" అని కేకేశాను కూడా. ఆ మాట పూర్తి కాకుండానే చీలమండ మీద నిప్పు పెట్టి నొక్కినట్టయింది.

లావుగా, ఒంటి నిండా గొలుసు మచ్చలతో ఒక పాము ఇటుకల వెనక్కి తీరిగ్గా వెళ్లిపోతోంది. మా అత్త వాళ్ల భాషలో అది పొడపాము. రక్తపింజరి అన్నా అదే. గుమ్మంలోకి వచ్చిన స్వాతి దాన్ని చూసింది. ముందు అక్కడి నుంచే ఫోన్‌తో ఫొటో తీసింది, ఆ తర్వాత కేక పెట్టింది. "తల్లిని పాము కరిస్తే ఫొటోలేటే గుంటా!" అని వాళ్ల మామ్మ తిట్టింది గాని, మా ఆయన ఫోన్‌కి పంపిన ఆ ఫొటో ఆస్పత్రిలో చూడగానే డాక్టరమ్మకి సంగతి తెలిసిపోయింది.

మా ఆయన పరిగెత్తుకొచ్చి మోకాలి కింద తువ్వాలు బిగించబోయాడు.

"పాపా, నహీఁ! కట్టకూడదు. కాలు హిలానా నహీఁ, అంతే. కాలేజీలో బతాయా థా" అని స్వాతి వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుంది. కాలు కదపకూడదని కాలేజీలో చెప్పారట. దాని తెలుగు ఎప్పుడూ అలాగే, సగం హిందీలో ఉంటుంది.

పక్కింటి సుఖ్‌మతీ బాయి గోడ మీంచి తొంగి చూసి, "కా హోగే దీదీ?" అని అడిగింది. సంగతి వినగానే, ఉతై అవతల తన పుట్టింటి ఊళ్లో బైగా ఉన్నాడనీ, మంత్రం వేసి విషం దింపేస్తాడనీ చెప్పింది. తన పెదనాన్న అలాగే బతికాడట. పాపం, ఆవిడ నా మేలు కోరే చెప్పింది. మా ఆయన వాళ్లమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ముందు అక్కడ చూపించి అటునుంచి ఆస్పత్రికి ఎల్దామా?" అని అడిగాడు.

మా అత్త గుమ్మం దిగి వచ్చింది. "ఒరే, నా తమ్ముణ్ణి పాము కరిస్తే ఇలాగే మంత్రగాడి కాడికి మోసుకెళ్లినారు. పొద్దు గూకేసరికి పాడె కట్టినారు. నా కోడల్ని అలా సేస్తే నువ్వు నా కొడుకువే కాదు. బేగి బండి తియ్యి."

'నా కోడలు' అని ఆవిడ నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి. ఆ నొప్పిలోనూ అది చెవిన పడింది.

ఆటో కోసం ఆగలేదు. మా ఆయన స్కూటర్ తీశాడు. నన్ను ఎత్తి వెనక కూర్చోబెట్టారు. నేను పడిపోకుండా పట్టుకోవడానికి నా వెనక మా అత్త ఎక్కింది. జన్మలో స్కూటర్ ఎక్కని మనిషి. గుంత వచ్చినప్పుడల్లా "సింహాద్రప్పన్నా!" అని కేక పెడుతూ, నా నడుం మాత్రం వదల్లేదు. సిగ్నల్ దగ్గర పోలీసాయన ముగ్గుర్నీ చూసి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. "సాఁప్! సాఁప్!" అని, పాముకి తనకొచ్చిన హిందీ మాటతో, మా అత్త అరిచిన అరుపుకి ఆయనే పక్కకి జరిగి దారి చూపించాడు.

పక్క ఊరు దుర్గ్‌లో పెద్దాస్పత్రికి చేరేసరికి కాలు మోకాలి దాకా పొంగింది. చిగుళ్లలోంచి రక్తం కారుతోంది. ఉమ్మితే ఎర్రగా పడుతుంటే అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. నా చేతిలోంచి కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, స్టాండులో నిలబెట్టింది. ఎవరూ ముట్టుకోవద్దంది.

"అదేటమ్మా, అలాగ పెట్టీసినారు?" అని మా అత్త అడిగింది. నేను హిందీలోకి మార్చి చెప్పాను.

రక్తం గడ్డకడుతుందో లేదో చూడాలట. కట్టకపోతే విషం రక్తంలో బాగా కలిసిందని అర్థమట. మా అత్త ఆ గొట్టం ముందు స్టూల్ వేసుకుని కూర్చుంది. పెరుగు తోడుకుందా లేదా అని గిన్నె కేసి చూసే చూపే అది. డాక్టరమ్మ వచ్చి గొట్టం మెల్లగా వంచింది. రక్తం నీళ్లలా అటూ ఇటూ జారింది.

"తోడుకోలేదు" అంది మా అత్త, చాలా చిన్న గొంతుతో.

వెంటనే విరుగుడు మందు ఎక్కించారు. ఆ మందుకి ఒళ్లంతా దద్దుర్లు, పళ్లు కటకటలాడే చలి. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోయింది. మధ్యలో మందు ఆపి, సూది వేసి, మళ్లీ మొదలుపెట్టారు. మా ఆయన నా అరికాలు రుద్దుతూ కూర్చున్నాడు. కరిచిన కాలి మీద చెయ్యి పడకుండా, రెండో కాలే మళ్లీ మళ్లీ రుద్దాడు.

మర్నాడు పొద్దున్న పోసిన గొట్టంలో రక్తం గట్టిగా నిలబడింది. "తోడుకుంది, తోడుకుంది" అని మా అత్త వార్డులో అందరికీ చెప్పొచ్చింది. మేం గెలిచేశామనుకున్నాం. స్వాతి క్యాంటీన్ నుంచి టీ తెచ్చింది. మా ఆయన రేపటికి పప్పు నానబెట్టాలా అని నన్ను అడిగాడు.

అసలు కథ అప్పుడే మొదలైంది.

మూత్రం రావడం తగ్గింది. వచ్చిన కాస్తా టీ డికాక్షన్ రంగులో ఉంది. ఆ తర్వాత అదీ లేదు. పొద్దున్న లేచేసరికి కళ్లు తెరుచుకోనంతగా మొహం ఉబ్బింది. అద్దం అడిగితే స్వాతి ఇవ్వలేదు. "మమ్మీ, సెల్ఫీ తర్వాత తీద్దాం" అని తల తిప్పుకుంది. ఆయాసం, వాంతులు, నోట్లో తుప్పు రుచి. విషం కిడ్నీల మీద దెబ్బ కొట్టిందనీ, అవి కోలుకునేదాకా వాటి పని మిషన్ చేయాలనీ డాక్టరమ్మ చెప్పింది.

"ఎప్పటికి కోలుకుంటాయి మేడం?"

"ఎక్కువమందికి వెనక్కి వస్తాయి. కానీ మాట ఇవ్వలేను" అంది. అబద్ధం చెప్పనందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది. మాట ఇచ్చుంటే బాగుండునని ఏడుపూ వచ్చింది.

మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలసిస్ మొదలుపెట్టారు. ఆ గది గురించి భయపెట్టేలా రాయను. చల్లగా ఉంటుంది, మిషన్లు గుయ్యిమంటాయి, మన రక్తం మన కళ్లముందే గొట్టాల్లో తిరిగొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు కళ్లు మూసుకున్నాను. పక్క మంచం మీద తెల్ల మీసాల పెద్దాయన ఒకరు ఉండేవారు. సాహూజీ. నందిని సున్నపురాయి గనుల్లో పనిచేసి రిటైరయ్యారు. షుగర్ వల్ల కిడ్నీలు పోయి, ఏళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు.

"పాము కరిచిందా బహన్‌జీ?" అని అడిగి, నేను తలూపితే నవ్వారు. "అయితే భయం లేదు. ఆప్‌కీ కిడ్నీ రూఠ్ గయీ హై. మేరీ తో రిటైర్ హో గయీ. మీది అలక, నాది రిటైర్మెంటు. అలిగినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఇంటికొస్తారు."

ఆ మాట నాకు ఏ మందూ ఇవ్వనంత ధైర్యం ఇచ్చింది. అప్పట్నుంచి నేను రోజూ నా కిడ్నీలని బతిమాలుకునేదాన్ని. మా ఆయన అలిగితే ఎలా బతిమాలతానో అలాగే, కాస్త తిడుతూ, కాస్త బుజ్జగిస్తూ.

నీళ్లు కొలిచి ఇచ్చేవారు. దాహం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. నీళ్లు గుక్కలో మింగెయ్యకుండా చిన్న ఐసు ముక్క చప్పరించమని సాహూజీయే నేర్పారు. కొబ్బరి చట్నీ వద్దు, సాంబారు వద్దు, అరటిపండు వద్దు. బతుకంతా చట్నీ రుబ్బిన మనిషిని చప్పిడి అన్నం ముందు కూర్చోబెట్టారు.

ఈలోగా ఇంట్లో కలహం రేగింది. దుకాణం మూస్తే జరగదు గనక మా ఆయన పొద్దున్న ఇడ్లీలు వేసి, ఎండ ఎక్కాక ఆస్పత్రికి వచ్చేవాడు. మా అత్త ఆస్పత్రి వదిలి కదలనంది. వార్డు బయట హాల్లో చాప పరుచుకుని కూర్చునేది. ఒక రోజు ఆ హాల్లోనే కొడుకుని పట్టుకుంది.

"ఆ ఇటుకలు తియ్యరా, పురుగూ పుట్రా సేరతాయని ఎన్నిసార్లు సెప్పినాను? ఇన్నావేటి?"

"ఇప్పుడా అమ్మా ఆ మాట?"

"ఇంకెప్పుడు సెప్తాను? అదిక్కడ మొహం వాసి పడుంటే!"

మా ఆయన క్యారేజీ కింద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. స్వాతి వచ్చి గుసగుసగా చెప్పింది. "పాపా పెరట్లో ఉన్నారు. రబ్బరు బూట్లు వేసుకుని, పొడుగు కర్రతో ఒక్కొక్క ఇటుకా తీస్తున్నారు. తీస్తూ ఏడుస్తున్నారు మమ్మీ." నేను ఫోన్ చేయించాను. "ఇటుకలు తీసింది చాలు, నా దగ్గరికి రా. మీ అమ్మతో మాట్లాడొద్దులే, నాతో మాట్లాడు" అన్నాను. వచ్చాడు. కూర్చున్నాడు. "ఈవేళ ఇడ్లీలు రాళ్లలా వచ్చాయి పైడీ, అయినా అందరూ తినేసి, నీ గురించి అడిగెళ్లారు" అన్నాడు. నేను నవ్వితే మెడలో గొట్టం నొప్పెట్టింది.

హరేలీ పండగ వచ్చింది. ఇక్కడి రైతులకి నాగళ్లు కడిగి పూజ చేసుకునే పండగ. గుమ్మాలకి వేపరొట్ట కడతారు. సుఖ్‌మతీ బాయి చిన్న వేపరెమ్మ కొంగులో దాచి తెచ్చి, నా మంచం తలవైపు కడ్డీల్లో దోపింది. "ఆ రోజు బైగా దగ్గరికి అన్నానని కోపం లేదు కదా దీదీ?" అని అడిగింది. కోపం ఎందుకుంటుంది? చీరకొంగుతో నా నుదురు తుడిచి వెళ్లింది. నర్సు ఆ రెమ్మ చూసి, ఎవరూ చూడకుండా దిండు వెనక్కి జరిపింది గాని తీసెయ్యలేదు.

అప్పటికి అందరిదీ ఒకటే ప్రశ్న. వచ్చిందా? విజయనగరం నుంచి చుట్టాలు ఫోన్ చేసి అదే అడుగుతారు. వాచ్‌మన్ అదే అడుగుతాడు. దుకాణంలో టిఫిన్ తినేవాళ్లు మా ఆయన్ని, "భాభీకి వచ్చిందా భయ్యా?" అని అడిగేవారట. మూత్రం కొలిచే ప్లాస్టిక్ జగ్గు మా అత్త ఆధీనంలో ఉండేది. రోజూ కడిగి, మూత పెట్టి, దేవుడి చెంబులా దాచేది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అత్త చేత ఆ పని చేయించుకోవడమా? ఒకసారి అదే అంటే కసిరింది.

"నా కడుపున ఆడపిల్ల లేదు. ఉంటే సేసీదాన్ని కాదా? నోరు మూసుకుని పడుకో."

నోరు మూసుకుని పడుకున్నాను. కళ్లు మాత్రం ఊరుకోలేదు.

హరేలీ వెళ్లిన కొద్దిరోజులకి, టిఫిన్ల వేళ దాటి మా ఆయన వచ్చాక, పొత్తికడుపులో ఏదో బరువుగా అనిపించింది. చెప్పడానికి భయం. ఇంతకు ముందు రెండుసార్లు అలా అనిపించి ఏమీ రాలేదు. నెమ్మదిగా, "అత్తా, జగ్గు" అన్నాను. ఆవిడ తెర లాగి, నా భుజం పట్టుకుని నిలబడింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ముందు ఒక చుక్క. తర్వాత ఇంకో చుక్క. ఆ తర్వాత చిన్నగా ధార. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మా అత్త జగ్గు ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. తర్వాత ఆవిడకి ఏమైందో తెలీదు. తెర తోసేసి, జగ్గు చేత్తో పట్టుకుని హాల్లోకి ఉరికింది.

"వచ్చింది! నా కోడలికి వచ్చీసింది! ఒరే సింహాచలం, వచ్చిందిరా!"

తెలుగు రానివాళ్లకి కూడా జగ్గు చూస్తే అర్థమైపోయింది. హాల్లో కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో ముసలాయన "బధాయీ హో మాజీ" అన్నాడు, మనవడు పుట్టినట్టు. నర్సు పరిగెత్తి ఆవిడ చేతిలోంచి జగ్గు లాక్కుని, "అమ్మా, ముందు కొలవనివ్వండి!" అని హిందీలో మొత్తుకుంది. మా ఆయన గోడకి ఆనుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా నిలబడిపోయాడు. వాళ్లమ్మే వెళ్లి ఆయన మొహం తుడిచింది.

సాహూజీకి ఆ రోజు డయాలసిస్ ఉంది. కబురు విని, మంచం మీంచే చెయ్యెత్తి దీవించారు. మా ఆయన తెచ్చిన పేడా మిఠాయి పొట్లం చూపిస్తే, "నాకు షుగర్. నా వంతు మీరే తినండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయన మిషన్ మాత్రం ఆగలేదు. నా సంతోషం కాసేపు సిగ్గుపడింది.

ఆ తర్వాత కిడ్నీలు అలక తీరి అతి చేశాయి. ఇన్నాళ్ల బాకీ అంతా ఒకేసారి తీర్చినట్టు, జగ్గు చాలక బకెట్ తెచ్చారు. రాఖీ పండగ నాటికి మెడలో గొట్టం తీసేశారు. ఇంటికొచ్చాను.

ఇంటికి రావడం ఆనందమే గాని, పెరటి తలుపు తియ్యడానికి చాలా రోజులు పట్టింది. వంటింట్లో కుక్కర్ బుస్సుమంటే కాళ్లు మంచం మీదకి ముడుచుకునేదాన్ని. స్వాతి అది చూసి కొన్నాళ్లు పప్పు మూతగిన్నెలో ఉడికించింది. నడిస్తే ఆయాసం. కరిచిన చోట పుండు మానడానికి కట్లు కట్టించుకోవాలి. వినాయకచవితికి వీధిలో పందిరి వేసి పాటలు పెడితే కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఆగి పలకరించారు. ఆ పలకరింపులతోనే సగం బలం వచ్చింది.

ఒక మాట చెప్పాలి. పాము కరిస్తే కట్టు బిగించకండి, గాటు పెట్టకండి, నోటితో పీల్చకండి, పాము వెంట పరిగెత్తకండి. మనిషిని నడిపించకుండా, విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. రక్తం గడ్డకట్టాక కూడా మూత్రం ఎంత వస్తోందో చూసుకోండి. మాకు తెలియక టీ తాగి పండగ చేసుకున్నాం. మూత్రం ఆగితే ఇక బతుకంతా మిషనే అని కుంగిపోకండి. నావి తిరిగొచ్చాయి.

దసరా అయ్యాక పరీక్షకి రమ్మన్నారు. మా ఆయన దుకాణంలో ఉంటానన్నాడు. స్వాతికి పరీక్షలు. నేనొక్కదాన్నే వెళ్తానంటే మా అత్త చెప్పులేసుకుని ముందే గేటు దగ్గర నిలబడింది. రిపోర్టుల కోసం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. సాహూజీని చూడ్డానికి వెళ్తే, మిషన్ పక్కన పడుకుని కొత్తగా వచ్చిన పేషెంటుకి ఐసు ముక్క సంగతి చెప్తున్నారు. నన్ను చూసి మీసం తిప్పారు.

డాక్టరమ్మ కాగితాలు చూసి, మరోసారి చూసి, నవ్వింది. "కిడ్నీలు బాగున్నాయి. ఉప్పు తగ్గించండి, నొప్పి మాత్రలు మీ ఇష్టానికి వేసుకోకండి. ఇక కొన్ని నెలల తర్వాత వస్తే చాలు."

"ఏటంటంది?" అని మా అత్త నా మోచెయ్యి లాగింది.

"తగ్గిపోయిందట అత్తా."

"అంతేనా?"

"అంతే."

బయటికొచ్చి ఆటో ఎక్కాం. ఫ్లైఓవర్ దిగేసరికి ఆవిడ తల నా భుజం మీద వాలింది. నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుని, చిన్నపిల్లలా, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. ఆ వానాకాలం మొత్తం ఆవిడ సరిగ్గా పడుకున్నది నేను చూడలేదు. నేను కదలకుండా కూర్చుని, ఆవిడ జారిపోకుండా చెయ్యి చుట్టూ వేసి పట్టుకున్నాను.

డ్రైవర్ అద్దంలోంచి మా ఇద్దర్నీ చూశాడు. మేం ఆస్పత్రి గేటు దగ్గర ఎక్కాం కదా.

"మాజీకి ఒంట్లో బాగాలేదా దీదీ? మీరు తీసుకొచ్చారా?"

అవునన్నట్టు తలూపాను. "కొంచెం మెల్లగా నడుపు భయ్యా" అన్నాను.